పాస్ అనడానికి పదిహేడు సెకన్లు

ఆఁ… హలో, నేనే. చెప్పండి డాక్టరుగారూ… లేదు లేదు, పడుకోలేదు. మీ ఫోను కోసమే కూర్చున్నాను.

…వదినా అనకండి. ఐదింటిదాకా అనకండి. అప్పీలు గడువు ఐదింటివరకే. అప్పటిదాకా నేను బ్రిడ్జి టోర్నమెంటు డైరెక్టర్ని, మీరు నా తీర్పుతో ఓడిన ఆటగాడు. ఐదు దాటాక నేను మళ్ళీ వదిన, నువ్వు మరిది. అప్పుడు కావాలంటే నా కింది పన్ను సంగతి కూడా మాట్లాడుకుందాం.

…మీ అన్నయ్యా? బాల్కనీలో ఉన్నారు, పేపరు చదువుకుంటున్నారు. తలుపు వేసే ఉంది, వినబడదు… వినబడితే మాత్రం ఏమైంది? పొద్దున యాభై మంది ముందు ఇచ్చిన తీర్పు, ఇందులో రహస్యమేముంది?

సరే, అప్పీలు మీరు రాసి తెస్తారా, ఎవరితోనైనా పంపిస్తారా? నా వైపు నాలుగు పేజీలు సిద్ధంగా ఉన్నాయి. పేజీకి రెండు వైపులా.

…

చెయ్యరా?

…అదేమిటి, చెయ్యకపోవడమేమిటి? డాక్టరుగారూ, మీ మీద ఇది మూడో ఫిర్యాదు. మూడూ ఒకటే — పార్ట్‌నర్ ఆగి ఆలోచించాడు, అది చూసి మీరు బిడ్ చేశారు, పాట పెంచారు. అప్పీలు లేదంటే ఒప్పుకున్నట్టే లెక్క. రేపు మీ పేరు నోటీసు బోర్డు మీద పెడతారు. క్లబ్బు జట్టు కెప్టెన్సీ తీసేస్తారు. పదకొండేళ్ళ కెప్టెన్సీ…

…‘పోతే పోయింది’ అని అంత తేలిగ్గా అంటారేం? ఓడిపోయినవాడు ఒక్కసారైనా గొడవ పడాలి కదా. నేనేదో అన్యాయం చేసినట్టు నాకే అనిపిస్తోంది.

…తీర్పు సరైనదే అంటారా? మీరే అంటారా?

…ఉండండి. అలా ఊరికే ఒప్పుకోకండి. మొదట్నించి ఒకసారి చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే ఆపండి. పదకొండో డీల్. నర్సు అక్కచెల్లెళ్ళిద్దరూ మీకు ఎదురు జట్టు. అక్కగారు ఒక ఆఠీను అన్నారు. మీరు ఒక ఇస్పేటు అన్నారు. చెల్లెలు మూడు ఆఠీన్లకి ఎగిరింది. తర్వాత వంతు మీ అన్నయ్యది. ఆయన పాస్ అన్నారు. అన్నారు సరే, ఎప్పుడన్నారు? పదిహేడు సెకన్లకి. నేను పక్క టేబుల్ దగ్గరే ఉన్నాను, గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

…ఆఁ, చూశాను. ముందునించే చూస్తున్నాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో పరీక్షలు నడిపినదాన్ని, గడియారం చూడకుండా ఉండలేను.

ఆయన పాస్ అన్నాక అక్కగారూ పాస్ అన్నారు. మీరు కూడా పాస్ అంటే వాళ్ళు మూడు ఆఠీన్లు ఆడుకునేవాళ్ళు, తొమ్మిది పట్లు తెచ్చుకునేవాళ్ళు. మీరు మూడు ఇస్పేట్లు అన్నారు. ఆడి గెలిచారు. నర్సులు చెయ్యి ఎత్తి నన్ను పిలిచారు. అంతేనా?

…ఇప్పుడు చట్టం. చేతిలో ఏమీ లేనివాడు వెంటనే పాస్ అంటాడు. ఆగి ఆగి పాస్ అన్నవాడు, ఏదో ఉంది, కానీ చాలదు అని చెప్పినట్టే. నోటితో చెప్పకూడనిది ఊరుకోవడంతో చెప్పాడన్నమాట. ఆగడం తప్పు కాదు, ఎవరైనా ఆలోచించుకోవచ్చు. కానీ ఆ కబురు అందుకుని పార్ట్‌నర్ బిడ్ చెయ్యకూడదు. విన్నా విననట్టుండాలి. ఆ ముక్కలతో పాస్ అనే వీలు మీకుందా లేదా? ఉంది. అనలేదు. అందుకని మీ పట్లు తీసేసి, వాళ్ళు మూడు ఆఠీన్లు ఆడి గెలిచినట్టు రాశాను. కప్పు వాళ్ళకి పోయింది.

పైగా ఆగింది ఎవరు? కంట్రోల్ టవర్‌లో కూర్చుని ముప్పై ఏళ్ళు విమానాలు దింపిన మనిషి. మూడు ఒక్కసారి మీద పడితే ఏది ముందు దిగాలో రెండు సెకన్లలో చెప్పేవారు. ఆయన పదిహేడు సెకన్లు ఆగారంటే చేతిలో ఎంత చిక్కు ఉండి ఉండాలి?

…మొగుడి టేబుల్ అని నేను వెనకాడానా? సెక్రటరీ వచ్చి, మీలాంటివాళ్ళు వందకి ఒకరుంటారు మేడం అన్నాడు. నేనేం పొంగిపోలేదు… కొంచెం పొంగాననుకోండి.

ఆ పెద్ద నర్సు మటుకు, కప్పు చేతికొచ్చాక కూడా నోరు ఊరుకోలేదు. మీ ఆయన సరిగ్గా నిద్రపోతున్నారా అని అడిగింది నన్ను. గెలిచినవాళ్ళ పొగరు. హాయిగా పోతున్నారు అన్నాను.

…

మీ అన్నయ్య అయితే ఒక్క మాట అనలేదు. అనకపోవడం కాదు, ఇంటికొచ్చినప్పట్నించి మహా హుషారుగా ఉన్నారు. అన్నం తింటూ, నీ తీర్పు బాగుంది, గట్టిగా ఇచ్చావు అన్నారు. పెద్ద మనసు చూడండి. మీరూ అలాగే…

…ఏమిటి?… ఆయన ముక్కలా? లేదు, చూడలేదు. చూడక్కర్లేదు. ఎవరు ఎంతసేపు ఆగారు, తర్వాత మీరేం చేశారు, మీ చేతిలో ఏముంది — నాకు కావలసింది అంతే. ఆయన చేతిలో ఏముంటే నాకెందుకు…

…ఇప్పుడెందుకు చూడటం?… సరే, డీల్ కాగితాలు ఇక్కడే ఉన్నాయి. ఉండండి, కళ్ళజోడు… తొమ్మిది, పది… ఇదిగో పదకొండు.

ఇస్పేట్లు ఎనిమిది, ఐదు, రెండు. ఆఠీన్లు తొమ్మిది, ఆరు, మూడు. డైమన్లు… జాకీ, ఏడు, నాలుగు, రెండు. కళావర్లు రాజు, ఆరు, మూడు.

…అంతేనా? కాగితం తప్పు తీశానేమో… లేదు, పదకొండే.

ఇందులో ఏముంది ఆలోచించడానికి? ఒక్క రాజు. మిగతాదంతా చిల్లర. నిద్రలో లేపి అడిగినా పాస్ అనే ముక్కలివి. నిన్నగాక మొన్న ఆట నేర్చుకున్నవాడు కూడా దీనికి రెండు సెకన్లు తీసుకోడు. మరి ఆయన…

…

డాక్టరుగారూ?… లైన్లో ఉన్నారా?

…

సరే. ఇంకా ఐదవలేదు, అయినా ఫరవాలేదు. వదినననే అనుకో. చెప్పు నాయనా. వింటున్నాను.

…

…వంతు తనదని తెలియలేదా?

…అందరూ తన మొహంకేసి చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో తెలియలేదు. ఊఁ… ఊఁ. చివరికి నువ్వు బిడ్ కార్డుల పెట్టెకేసి చూస్తే, చేతికి ముందు ఏ కార్డు తగిలితే… అదే తీశారా. పాస్ కార్డు. అది కూడా ఆలోచించి తీసింది కాదన్నమాట.

…ఎప్పట్నించి?… పోయిన వేసవి నించా. అంటే ఎనిమిది నెలలు.

…లేదు, నేను బాగానే ఉన్నాను. కూర్చునే ఉన్నాను. నువ్వు చెప్పు.

…కారు ఎక్కడ పెట్టారో మర్చిపోయి గంటసేపు తిరిగారా? ఆ రోజు నాతో ఏం చెప్పారో తెలుసా? నీతో కాఫీకి వెళ్ళానన్నారు. ఆలస్యమైందని నీ మీద కోప్పడ్డాను నేను. నువ్వు కూడా, అవును వదినా, నాదే తప్పు అన్నావు.

…

మరి మూడు ఇస్పేట్లు ఎందుకన్నావు? ఆయన చేతిలో ఏమీ లేదని నీకు తెలిసే ఉంటుంది. అంతంతమాత్రం ముక్కలతో నువ్వు ఎగబడే మనిషివి కాదు.

…దేనికోసం? డమ్మీ కోసమా?

…ఆఁ. అర్థమైంది. నువ్వు ఆడితే ఆయన డమ్మీ. పదమూడు ముక్కలూ టేబుల్ మీద పరిచేసి చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. ఎవరు ఏం వేశారో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అదే నర్సులు ఆడితే ఆయన ప్రతిసారీ ముక్క ఎంచుకోవాలి. పదమూడు సార్లు. పదమూడు సార్లూ అందరూ చూస్తూ ఉంటారు.

…అంటే ఎనిమిది నెలల్నించీ ప్రతి డీల్‌లో నువ్వే ఆడేలా బిడ్ చేస్తూ వస్తున్నావా? దొరికినా దొరకకపోయినా?

…క్లబ్బులో నిన్నేమంటున్నారో తెలుసా?… తెలుసా. ఆశపోతు డాక్టరు. పార్ట్‌నర్‌కి ఒక్క ఆట మిగల్చడు అని. నీ వెనకాల నేనూ అన్నాను. మొన్న సెక్రటరీతో అన్నాను — మా ఆయన మెతక కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే ఈపాటికి పార్ట్‌నర్ని మార్చేసేవాడు అని.

…అనవలసిన మాటే అంటూ నవ్వుతావేం? నవ్వకు. నాకు నవ్వు రావడం లేదు.

…

ఒక్క నిమిషం ఆగు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆయన చప్పున పాస్ అని ఉంటే నువ్వేం చేసేవాడివి?

…పాస్.

ఆగారు కాబట్టే బిడ్ చేశావు. ఇవాళ ఆయన బాగా లేరని, ఈ ఆట తట్టుకోలేరని, ఆ పదిహేడు సెకన్లలో నీకు తెలిసింది. తెలిసి బిడ్ చేశావు.

అయితే నా తీర్పు సరైనదేగా. అక్షరం పొల్లు పోలేదు. పార్ట్‌నర్ ఆగడంలో ఏ కబురుందో చట్టం అడగదు. మంచి ముక్కలున్నాయనే కబురైనా ఒకటే, ఇదైనా ఒకటే. అందుకున్నావు, వాడుకున్నావు.

…అందుకే అప్పీలు చెయ్యనంటున్నావా? నిన్ను అడిగితే అబద్ధం చెప్పాలి, లేకపోతే ఇది చెప్పాలి. ఊఁ. రెండూ చెప్పవు నువ్వు.

ఆ నాలుగు పేజీలు ఇప్పుడేం చేసుకోను నేను? దాంట్లో మూడో పేజీలో ఏం రాశానో తెలుసా — హస్తం అనుభవజ్ఞుడిది కనుక, ఆ విరామం లోతైన ఆలోచనకు తిరుగులేని నిదర్శనం అని. కింద రెండు గీతలు గీశాను.

…

నాకెందుకు కనబడలేదు?

…లేదు, ఓదార్చకు. అడుగుతున్నాను. పరాయి మనిషి చెయ్యి అర సెకను ఆగితే పట్టుకుంటాను నేను. ఒకే ఇంట్లో ఉన్నాను. ఎనిమిది నెలలు. ఏం తిందామంటే, నువ్వే చెప్పు అంటున్నారు. ఎక్కడికి వెళ్దామంటే, నీ ఇష్టం అంటున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళలో నా మాట వినని మనిషి, ఇన్నాళ్ళకి విలువ తెలిసొచ్చిందనుకున్నాను. మా అక్కతో కూడా గొప్పగా చెప్పుకున్నాను, చివరికి దారికొచ్చారే అని.

పేపర్లో పదకేళి నింపేవారు, పెన్నుతో, కొట్టివేత లేకుండా. ఇప్పుడు ఖాళీగా ఉంటోంది. నా కోసం వదిలిపెడుతున్నారేమో అనుకుని నేను నింపుతున్నాను.

…ఊఁ… ఆ పెద్ద నర్సు. అయ్యో. ఆవిడ పొగరుతో అడగలేదు. ఆవిడకి తెలిసిపోయింది. నలభై ఏళ్ళు వార్డుల్లో తిరిగిన మనిషి. నేనేమో హాయిగా నిద్రపోతున్నారని మొహం మీద చెప్పొచ్చాను.

…మరి నాకెందుకు చెప్పలేదు నువ్వు? అన్నయ్యా అన్నయ్యా అని తిరుగుతావే, ఆ అన్నయ్య పెళ్ళానికి ఒక్క మాట చెప్పాలనిపించలేదా?

…ఆయన వద్దన్నారా? ఒట్టు వేయించుకున్నారా?

…ఏమని?… ఫరవాలేదు, ఉన్నదున్నట్టు చెప్పు. నేనేం అనుకోను.

…

‘ఆవిడకి తెలిస్తే ఇంట్లో కూడా పరీక్ష రాయాలి’ అన్నారా.

…లేదు. కోపం కాదు. నిజమే కదా. అలా అన్నారంటే ఆ మాత్రం తెలివి ఇంకా బాగానే ఉందన్నమాట.

…ఒక్క క్షణం, నీళ్ళు తాగుతాను.

…

ఆఁ. ఉన్నాను. ఇంకా ఏదో చెప్పబోయావు.

…ఇవాళ కార్లోనా? ఏమన్నారు?

…మళ్ళీ చెప్పు.

…‘చూశావా, నేను ఆలోచిస్తున్నాననుకుంది’ అన్నారా. అని నవ్వారా.

…దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నారా.

…

అందుకా ఆ హుషారు. నేను పెద్ద మనసు అనుకున్నాను. నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను. నువ్వేమో కప్పు పోగొట్టుకుని, కెప్టెన్సీ పోగొట్టుకుని కారు నడుపుతున్నావు. ఆయన పక్కన కూర్చుని పండగ చేసుకుంటున్నారు — పెళ్ళాం అందరి ముందు గట్టిగా చెప్పిందని, ఈయన బాగా ఆలోచించి పాస్ అన్నాడు అని.

…ఏడవడం లేదు. జలుబు.

…తీర్పు మార్చమంటావా? మార్చే హక్కు నాకుంది, ఐదింటిదాకా. మార్చాలంటే కారణం రాయాలి. ఏమని రాయను? ఆలోచించలేదు, కాబట్టి తప్పు లేదు అని రాసి బోర్డు మీద అంటించనా?… వద్దు కదా. నేనూ అదే అంటున్నాను.

మార్చను. కింద ఒక్క వాక్యం కలుపుతాను — ఇందులో దురుద్దేశం ఏమీ లేదని డైరెక్టరు నమ్ముతున్నారు అని. కెప్టెన్సీ మీద దానికి ఎంత విలువిస్తారో తెలియదు. సెక్రటరీతో నేను మాట్లాడతాను… ఏమీ చెప్పను, నువ్వు కంగారు పడకు. ఆశపోతు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటాను. ఎందుకని అడిగితే, వయసు మీద పడి నాకు తీర్పులు కుదరడం లేదంటాను.

…బుధవారమా? బుధవారం ఆటకి వస్తారు, ఎందుకు రారు? నువ్వు వచ్చి తీసుకెళ్ళు, ఎప్పట్లాగే. నువ్వే బిడ్ చెయ్యి, నువ్వే ఆడు. ఆయన డమ్మీగా కూర్చుంటారు. ఎదుటివాళ్ళు పిలిస్తే వస్తాను. వచ్చినప్పుడల్లా మీకు వ్యతిరేకంగానే తీర్పిస్తాను. కావలసినంత కఠినంగా ఇస్తాను. నువ్వు వారం వారం ఓడిపో. ఆయన ఇన్ని సెకన్లు ఆలోచించారని నేను వారం వారం రాసి సంతకం పెడతాను.

…పిచ్చా? ఉండొచ్చు. ఇంకో ఉపాయం ఉంటే నువ్వు చెప్పు.

…ఆ, అది సరే. డాక్టరుకి చూపించాలి. అసలు డాక్టరుకి. పళ్ళ డాక్టరు చెప్పాడని ఊరుకుంటామా… మీ క్లాస్‌మేటా? నరాలాయనా? ఆయనైతే మంచిదే. సోమవారం పదకొండు… రాసుకున్నాను. ఏమని తీసుకెళ్ళను? తెలిసిందని ఆయనకి తెలియకూడదు కదా.

…నాకని చెప్పనా? నా పరీక్షలకి తోడు రమ్మననా… ఊఁ. తల తిరుగుతోందంటాను. అది అబద్ధం కూడా కాదు. అక్కడికెళ్ళాక, ఎలాగూ వచ్చాం కదా మీరూ చూపించుకోండి అంటాను. వింటారు. ఈమధ్య నేనేం చెప్పినా వింటున్నారు.

…

ఉండు ఉండు. బాల్కనీ తలుపు తీస్తున్నారు.

…అవునండీ, ఫోనే. మీ తమ్ముడు… పళ్ళ డాక్టరు. ఆ, తీర్పు గురించే. లేదు, అప్పీలు చెయ్యడట. చేసినా నిలవదు అన్నాను. పదిహేడు సెకన్లు ఆలోచించారు, అన్ని సెకన్లు ఆలోచించాక పార్ట్‌నర్ నోరు మూసుకోవాలి అని మళ్ళీ గట్టిగానే చెప్పాను.

…నవ్వుతున్నారు డాక్టరుగారూ, మీ అన్నయ్య. విన్నారా?

…ఏమిటండీ? డాక్టరుకి ఏదో చెప్పాలా? చెప్పండి, నేను చెప్తాను.

…

…ఊఁ?

…

ఫోను పెట్టెయ్యకు నాయనా, ఒక్క నిమిషం. ఏదో చెప్పబోతున్నారు. మాట దొరకడం లేదు.

…ఫరవాలేదండీ. కూర్చోండి ముందు. ఇలా, నా పక్కన. తొందరేం లేదు.

…

…

లేదు నాయనా, ఇంకా లేదు. పోనీలే, నువ్వు పెట్టెయ్యి. ఎంతసేపవుతుందో ఏమో. దొరికాక నేనే చేస్తాను.